ముఖం మీద సజ్జగింజలు

మా మేనత్త ఎవరితో మాట్లాడినా పైట చెంగును ముక్కు మీదికి లాక్కునేది. ఆమె ముక్కు పక్కన, బుగ్గల మీద సజ్జగింజలంత కాయలుండేవి. నాకు పదమూడేళ్లప్పుడు నా ముఖం మీదా అవే లేచాయి. బడికి పోనని ఏడ్చాను. అత్తే నన్ను తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

"వెంట్రుక కుదుళ్లలో పుట్టే గడ్డలివి. కొన్ని కుటుంబాల్లో వస్తుంటాయి. ప్రమాదమేం లేదు," అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చే బస్సులో పక్కనావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ముఖాన ఏందమ్మా అవి?" అని అడిగింది.

నేను తల దించుకున్నాను. అత్త చెంగు వదిలేసింది.

"మా నాయనకుండినాయి, నాకుండాయి, ఇప్పుడు మా పాపకొచ్చినాయి. బాగా సూడమ్మా, అంటుకునేటివి కావు," అంది.

బస్సంతా మావైపు తిరిగింది. అత్త ముఖం తిప్పుకోలేదు. ఆమెను చూసి నేనూ తలెత్తాను.