జొన్నసారుకు నజరానా

ఆ రోజుల్లో మా ఇంటిపేరు వింటే హత్నూర నుంచి జోగిపేట దాకా ఎడ్లబండ్లు పక్కకు తప్పుకునేవని మా తాత చెప్పేవారు. మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన తండ్రి గుర్రం మీద తప్ప సంగారెడ్డిలో అడుగుపెట్టలేదట. మా తాత కాలానికి ఊళ్లు పోయి భూములు మిగిలాయి. నేను పుట్టేసరికి భూములు పోయి గడి, అంటే కోటలాంటి మా ఇల్లు, మిగిలింది. నాకు ఊహ తెలిసేసరికి ఆ గడిలో వాన కురవని గదులు మూడు మిగిలాయి. అయినా మా ఇంట్లో ఎవరి వీపూ వంగలేదు. (నా వీపు ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. డాక్టరు మాత్రం దాన్ని జబ్బు అంటున్నాడు.)

డెబ్బైల్లో మాట. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్నాను. పటాన్‌చెరు వైపు జొన్నల మీద పరిశోధన చేసే పొలం ఒకటుందని, అక్కడి పెద్ద శాస్త్రవేత్తను అడిగి వేసవి రెండు నెలలు పని నేర్చుకుంటే, ఆయన ఇచ్చే ఉత్తరం వ్యవసాయ కాలేజీలో సీటుకు అక్కరకొస్తుందని మా సైన్సు మాస్టారు చెప్పారు. ఆ సీటు నాకు చాలా కావాలి. అది రాకపోతే అప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల్లో ఏదో ఒక గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడాల్సి వస్తుందని నాకు తెలుసు. వచ్చేపోయే కార్లకు మా ముత్తాత మునిమనవడు సలాం కొట్టడమనే ఊహ నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

సంగతి తాతకు చెప్పాను. "అడుగుడేంది? మనం అడుగుతమా?" అన్నారాయన. "నేను కాయితం రాసిస్త. గాయన సూసి కుర్చీ ఏస్తడు." ఉర్దూలో రాయించి, వెండి ముద్రతో ఎర్ర లక్క మీద మా వంశం గుర్తు వేసి ఇచ్చారు. మా మనవడిని మీ దగ్గర ఉంచుకోవడానికి మీకు అనుమతి ఇస్తున్నాం అన్నది దాని సారాంశం. ఆయన పాత షేర్వానీని నా కొలతకు కుట్టించి తొడిగారు. ఎండాకాలం, కిక్కిరిసిన బస్సు, మెడ దాకా గుండీలు. పటాన్‌చెరులో దిగేసరికి అభ్యర్థిలా కాదు, ఉడికిన జొన్నసంకటిలా ఉన్నాను.

శాస్త్రవేత్త గుంటూరు వైపు మనిషి. (అందరూ జొన్నసారు అనేవారు, నేనూ అలాగే రాస్తాను.) ఆయన కుర్చీ వేయలేదు. ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, "నాకు ఉర్దూ రాదు బాబూ. ఇందులో ఏముందో నువ్వే చెప్పు" అన్నారు. చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆ ఉత్తరం నా చెవులకే బాగున్నట్టు అనిపించలేదు. ఆయన నవ్వలేదు, అది ఆయన గొప్పతనం. "మీ తాతగారి ఉత్తరం బాగుంది. నీ ఉత్తరం ఏదీ? నువ్వు కళ్లారా చూసి, నీకు అర్థం కానిది ఒక్కటి రాసుకురా. తెలిసినవి వద్దు" అని పంపేశారు.

ఇంటికొచ్చి మూడు రోజులు మేడ మీద కూర్చున్నాను. మా కుటుంబంలో మగవాళ్లు చేలోకి దిగరు, మేడ మీంచి చూస్తారు. చూడటం మాత్రం నాకు బాగా వచ్చు. నాలుగో రోజు రాశాను: "మా ఊళ్లో తెల్లజొన్న మీద పిట్టలు మందలుగా వాలతాయి. పక్కనే ఉన్న ఎర్రజొన్నను ముట్టవు. ఎందుకో మా ఊళ్లో ఎవరికీ తెలియదు." జొన్నసారు చదివి, "రేపు చెప్పుల్లేకుండా రా, షేర్వానీ లేకుండా కూడా" అన్నారు.

నన్ను, అక్కడ అందరూ అవ్వ అని పిలిచే ముసలామెకు అప్పగించారు. అవ్వ కూలీలకు పెద్ద, మా పన్నెండు ఊళ్లలో ఒక ఊరి మనిషే. పక్క కంకి పుప్పొడి వచ్చి పడకుండా పూతకొచ్చిన కంకులకు కాగితపు సంచులు తొడగడం ఆమె నేర్పిన మొదటి పని. "మెల్లగ తొడుగు సిన్నదొరా, పసిపిల్ల నెత్తికి కుల్ల తొడిగినట్టు." అవి నడుమెత్తు పొట్టిరకం మొక్కలు, నేను నిలబడే తొడగబోతే, "జెర వంగు. వంగితే ఏం ఇరగది" అనేది. నెల తిరిగేసరికి వంగడం వచ్చింది. కంకుల్లో గింజ గట్టిపడింది. జొన్నసారు వారం రోజులు ఊరికి వెళుతూ మడులను కనిపెట్టుకుని ఉండమని నాకు చెప్పారు. అంత పెద్ద మాట నాతో అంతవరకు ఎవరూ అనలేదు.

ఆయన తిరిగి వచ్చే రోజు నాకొక ఆలోచన వచ్చింది. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కోతకు ముందు రైతులు ప్రతి చేనులోంచీ అన్నిటికన్నా మంచి కంకులు ఏరి, ఎర్రగుడ్డలో కట్టి, గడికి నజరానాగా తెచ్చేవారు. నా దృష్టిలో ఇప్పుడు పొలం జొన్నసారుది, గడి ఆయన గది. అవ్వ అన్నానికి వెళ్లిన సమయం చూసి, సంచులు విప్పి, వరస వరసలో మేలైన కంకులు ఏరి కోశాను. ఎర్రగుడ్డ దొరక్క నా రుమాలుతో కట్టి ఆయన బల్ల మీద పెట్టి, పక్కన నిటారుగా నిలబడ్డాను.

ముందు వచ్చింది అవ్వ. మోపు చూసి గడపలోనే కూలబడింది. "ఏం పని జేసినవ్ దొరా?"

"నజరానా" అన్నాను.

అవ్వ మోపు వైపే చూస్తూ మెల్లగా, "మేం గూడ గిట్లనే తెచ్చేటోళ్లం, మీ తాతకు. మంచియన్ని గడికే పాయె. ఇగ ఇత్తనానికి మాకేం మిగులుతది? ఏటేటికి కంకి సిన్నగైంది. మా అయ్య నేల పాడైందనుకునేటోడు" అంది. నిష్ఠూరంగా అనలేదు, వానల సంగతి చెప్పినట్టు చెప్పింది.

అంతలో జొన్నసారు వచ్చారు. మోపును చూసి, నన్ను చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మంచివే కావాలని నీతో ఎవరు చెప్పారయ్యా? ఏ గింజ ఏ మొక్క బిడ్డో తెలియాలి నాకు. చెడ్డది ఎందుకు చెడిందో కూడా తెలియాలి. అన్నీ కలిపేశావు. ఏడాది పని పోయింది. రేపటి నుంచి రావద్దు."

నా సీటు, నా రెండు నెలలు, అన్నీ ఆ మోపులోనే ఉన్నాయి. "కలపలేదు సార్" అన్నాను.

"అంటే?"

రుమాలు విప్పాను. ప్రతి కంకి కాడకూ ఒక చీటీ. మడి, వరస, వరసలో ఎన్నో మొక్క, అన్నీ నా చేత్తో రాసినవి. "నజరానా ఎవరింటి నుంచి వచ్చిందో చీటీ కట్టకపోతే మా ఇంట్ల తప్పు సార్."

ఆయన ఒక్కొక్క చీటీ చదివారు. ఒక గింజను గోటితో నొక్కి చూశారు. అవ్వ గడపలోంచే అంది, "గింజ ముదిరింది సారూ. ఎండబెడితే మొలుస్తది. ఉంచుర్రి పోరన్ని. వంగుడు ఇప్పుడిప్పుడే నేర్సిండు."

జొన్నసారు ముఖం అటు తిప్పుకున్నారు, నవ్వు దాచుకోవడానికేనని తర్వాత తెలిసింది. "సరే. మిగిలిన కంకులు కూడా కోయి. ముందు వంకరవి, గింజ పట్టనివి. వాటికీ ఇంతే మర్యాదగా చీటీలు కట్టు" అన్నారు. ఎర్రజొన్నలో వగరు ఉంటుందని, పిట్టలకు అది గిట్టదని ఆ సాయంత్రమే చెప్పారు.

వేసవి చివర ఆయన ఇచ్చిన ఉత్తరం నాలుగు వాక్యాలు. చివరిది, ఈ అబ్బాయి చేసిన తప్పునైనా చీటీ కట్టి చూపిస్తాడు అని. తాతకు చదివి వినిపించాను. ఆయన కాగితం తిప్పి చూసి, "అంత బాగనే ఉంది. ముద్ర లేదేంది?" అన్నారు. నేను వద్దనేలోపు లక్క కరిగించి, జొన్నసారు సంతకం కింద మా వెండి ముద్ర ఒత్తేశారు. కాలేజీలో గుమాస్తా ఆ ఉత్తరం చాలాసేపు చూశాడు. సీటు మాత్రం వచ్చింది.

సెలవుల్లో ప్రయోగశాలలో చేరాలంటే ఎవరి చేత చెప్పించాలి తాతయ్యా అని మా వీధి పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఎవరి చేతా వద్దు, నీకు అర్థం కానిది ఒకటి రాసుకుని వెళ్లు అంటాను. అంటూ ఇంకా నిటారుగానే కూర్చుంటాను. మెడ దాకా గుండీలు పెట్టుకుని బస్సు దిగిన ఆ ఉడికిన కుర్రాడు గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు.

ఆ వెండి ముద్రను నేను హాస్టల్లో చేరిన నెలలోనే సంగారెడ్డిలో అమ్మేశాం.