ఎవరూ చూడని సైగలు

మా నాన్న బెంగాల్లో, వాట్‌గంజ్ దగ్గర రేవులో సిగ్నల్‌మేన్. పాత క్రేన్ డ్రైవర్‌కి ఓడ కడుపు లోపల ఏముందో కనపడేది కాదు. అంచున నిలబడ్డ నాన్న చేతుల్ని నమ్ముకుని సరుకు ఎత్తేవాడు, దించేవాడు. ఇంట్లో పప్పు వడ్డించమన్నా నాన్నది చేతి సైగే. అమ్మ మాత్రం ఏనాడూ దాన్ని ఖాతరు చెయ్యలేదు.

కంటెయినర్లు దించే కొత్త క్రేన్ వస్తుందనగానే యూనియన్ జెండాలు లేచాయి. చివరికి ఒప్పందం కుదిరింది: యంత్రం వస్తుంది, ఒక్క మనిషీ పోడు. రేవంతా మిఠాయిలు పంచారు. కొత్త డ్రైవర్‌కి పైన గాజు గదిలోంచి అంతా కనపడుతుంది, చేతిలో వాకీటాకీ కూడా ఉంటుంది. ఒప్పందం ప్రకారం కింద మా నాన్న కూడా ఉంటాడు.

నేనప్పుడు రేవు ఆఫీసులో టెంపరరీని. రిజిస్టర్లో రాసింది కంప్యూటర్‌లోకి ఎక్కించి, అది అచ్చేసిన కాగితాన్ని మళ్లీ రిజిస్టర్లోనే అంటించేవాళ్లం. కిటికీలోంచి నాన్న కనపడేవాడు. ఒకరోజు అన్నం దగ్గర నోరు ఊరుకోలేదు.

"నాన్నా, ఆ డ్రైవరు నిన్ను సూడ్డమే నేదు. నువ్వు సెయ్యి ఊపకపోయినా డబ్బా దిగిపోతాది."

"ఏట్రా ఎటకారం? ముప్పయ్యేళ్ల నుండి ఊపుతున్నాను."

"ఓపాలి మానేసి సూడు మరి."

మర్నాడు సాయంత్రం చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు.

"దిగింది," అన్నాడు.

ఆ వారమే వేరే పని అడగడానికి యూనియన్ ఆఫీసుకి వెళ్లాడు. తోడు నేను.

"నీ పోస్టు నిలబెట్టడానికి ఎన్ని మీటింగులు పెట్టామో తెలుసా దాదా?" అన్నాడు అక్కడి నాయకుడు బెంగాలీలో. "అక్కర్లేదని నువ్వే అంటే, రేపు అందరివీ పీకేస్తారు. నోరు మూసుకుని ఊపు."

క్రేన్ నడపడం నేర్పమని నాన్న రేవు ఆఫీసర్ని అడిగాడు. వయసు దాటిపోయింది, ఉన్నచోటే ఉండమన్నాడు ఆయన. యూనియనూ యాజమాన్యమూ ఒకే మాట మీద నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"జీతం వస్తాది కదా నాన్నా," అన్నాను బయటికొచ్చాక.

"పనుండాల కదరా," అన్నాడు.

ఏడాది తర్వాత ఒకరోజు కిటికీలోంచి చూశాను. కంటెయినర్ కిందికి వస్తోంది. నాన్న 'ఎత్తు' అని సైగ చేస్తున్నాడు. అది లారీ మీద మెత్తగా కూర్చుంది. డ్రైవర్ గమనించలేదు. నాన్నా గమనించలేదు. తరవాతి డబ్బాకి కూడా 'ఎత్తు' అనే చూపించాడు.

ఆయనకి ఆ సంగతి నేను చెప్పలేదు.