సబ్బుల అత్త

యుద్ధం ముగిసి బజార్లో సబ్బులు మళ్లీ దొరుకుతున్న రోజులు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి వెనక మా పొరుగున ఉండే అత్త ఒక సబ్బుల కంపెనీ తరఫున సంతల్లో ప్రచారం చేసేది. మాట మొదలుపెట్టే ముందు తన నల్లటి చేతులు చాపి, అందరూ చూస్తుండగా సబ్బుతో కడుక్కునేది.

పుంగనూరు సంతలో ఒకనాడు నేనూ ఆమె పక్కనే ఉన్నాను. కంపెనీ ఏజెంటు వచ్చి, "ఇది రుద్దుకుంటే తెల్లబడతారని చెప్పమ్మా," అన్నాడు.

"మురికి పోతాదని చెప్తానప్పా. నా రంగు మురికి కాదు," అంది అత్త.

"చెప్పకుంటే పని ఉండదు."

"అట్లయితే నువ్వే చెప్పుకో."

సబ్బుల పెట్టె అతని ముందు పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత కుప్పం దాకా తిరిగి సొంతంగా సీకాయపొడి అమ్మింది. అత్త లేక సబ్బుల అమ్మకం పడిపోయాక ఏజెంటు ఆమె ఇంటికొచ్చి మళ్లీ పనికి పిలిచాడు.

"ఆ తెల్లబడే మాట ఇడిసిపెట్టినావా?" అని అడిగింది అత్త.

"అది కంపెనీ మాటమ్మా, ఇడిసేదానికి లేదు," అన్నాడతను. అత్త జల్లెడ అందుకుని పొడి జల్లించసాగింది.