పొయ్యి వెలిగించని శుక్రవారం

ఆళ్లగడ్డ వృద్ధాశ్రమంలోని వంటమ్మను తలచుకుంటే ఆమె చూపుడువేలే కళ్లలో మెదులుతుంది. కాగితం మీద ఏ మాటకు ఒప్పుకోకపోతే ఆ మాట కింద వేలు పెట్టి, జవాబు వచ్చేదాకా తీసేది కాదు.

నేను తనిఖీకి వెళ్లింది ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో ఒక శుక్రవారం. మధ్యాహ్నమైనా పొయ్యి చల్లగా ఉంది. నీడలో ముసలివాళ్లు కళ్లు మూసుకుని, నిద్రలో పాడుతున్నట్టు సన్నగా కీర్తన పాడుతున్నారు. నేనెవరినీ ఏమీ అడగలేదు. 'మధ్యాహ్న భోజనం పెట్టడం లేదు' అని ముసాయిదా నివేదికలో రాశాను.

జవాబు కోసం ఆశ్రమానికి పంపిన ఆ ముసాయిదా పట్టుకుని ఆమె నంద్యాలలోని మా ఆఫీసుకు వచ్చింది. ఆ వాక్యం కింద వేలు పెట్టింది.

"వాళ్లు ఒక్కపొద్దుండారు సార్. పొద్దుగూకినాక నేనే వడ్డించినా. ఒక్క మాట అడిగింటే చెప్తాంటి గదా."

"ఇది ముసాయిదానే లేమ్మా. దిద్దుతాను."

"దిద్దు సార్. చూస్తాండా."

"రేపు" అన్నాను. ఆమె నమ్మి, వేలు తీసింది.

మరిచిపోయానని చాన్నాళ్లు చెప్పుకున్నాను. మరిచిపోలేదు, మళ్లీ టైపు చేయించడానికి బద్ధకించాను. ఆ వాక్యంతోనే ఆమె ఉద్యోగం పోయింది.

నేను తనిఖీకి వెళ్లిన రోజు ఆమె కూడా ఉపవాసమే. ఎండన పడి వచ్చానని నాకు మాత్రం గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చింది. అది తాగిన తరువాతే నేను ఆ వాక్యం రాశాను.