డ్రైయర్‌కు రోజూ అమావాస్యే

కార్తీక బహుళ చతుర్దశి, బుధవారం. మిర్యాలగూడలో మా చెల్లెలి వాళ్ల రైస్ మిల్లు. ఉన్నవారు: నేను, చెల్లెలు, మిల్లు నడిపే ఆమె భర్త (నా బావమరిది), సూర్యాపేట కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా అమ్మాయి.

త్రిపురారం నుంచి వచ్చిన పచ్చి వడ్లు షెడ్డులో కుప్పగా ఉన్నాయి. చెయ్యి దూరిస్తే లోపల వేడి తగులుతోంది. ఇంకో రోజు ఆగితే మొలకలొస్తాయి. వాటిని ఆరబెట్టే డ్రైయర్‌ను ఈ పంటకు మొదటిసారి నడపబోతే, దాని కంప్యూటర్ ‘ఈ రోజు కాదు’ అని చూపించి ఊరుకుంది. మెకానిక్ వచ్చి మోటారు, వైర్లు చూశాడు. అన్నీ బాగున్నాయని చెప్పి, టీ తాగి వెళ్లాడు.

ప్రోగ్రాం రాసిన కోదాడ మనిషికి ఫోన్ చేశాం.

“మీ దగ్గరున్నది మిషన్‌కు అర్థమయ్యే ఫైలండీ. నేను రాసిన కోడు పాత సిస్టంతోపాటే పోయింది. ఇప్పుడు పెళ్లిళ్లలో డ్రోన్ తిప్పుతున్నానండీ” అన్నాడు.

మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి నల్ల తెర మీద ఒక కమాండ్ కొట్టింది. డిసెంబ్లర్ అట. మిషన్ అంకెలను మనిషి చదివేలా విప్పి పెడుతుందట. తెర నిండా మూవ్, కంపేర్, జంప్ అని వరుసలు దిగాయి.

“ఇది మనుషులు సదివేదా? ఏ ఊరి మనుషులు బిడ్డా?” అన్నాడు బావమరిది.

“జర ఆగు మామా. ఇయ్యాల్టి తారీఖును ఒక పట్టీతోని పోలుస్తున్నది.” పట్టీలోని తేదీలను ఒక్కొక్కటే చదివింది.

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు మధ్యలోనే అందుకుంది. “ఆగాగు, గది దీపావళి గదా! గవన్నీ అమావాస్యలే.”

బావమరిది ముఖం వెలిగింది. “మా నాయిన పెట్టిచ్చిండు! అమావాస్య నాడు ఏ పనీ మొదలువెట్టనియ్యకపోతుండె.”

“పట్టీ పోయిన నెలతోనే ఖతమైంది మామా. తారీఖులు అయిపోతే అమావాస్యే అనుకొమ్మని రాసిండు. ఇగ దీనికి రోజూ అమావాస్యే.”

అమావాస్యయితే ‘ఈ రోజు కాదు’ వైపు మళ్లించే ఒక జంప్‌ను మా అమ్మాయి తీసి, ఆ చోట ‘ఏమీ చేయకు’ అన్న ఆదేశం పెట్టింది. తెర మీద ‘సిద్ధం’ అని వచ్చేసరికి పొద్దుగూకింది. బావమరిది బటన్ దాకా చెయ్యి చాపి, గోడ క్యాలెండరు చూసి వెనక్కి తీసుకున్నాడు.

“తిథి మారింది. ఇప్పుడు నిజంగనే అమావాస్య.”

“వడ్లు మొలకలొచ్చినంక మంచి రోజు సూసి ఏం జేస్తవ్? నారు పోస్తవా?” అంది చెల్లెలు.

“మిషన్ పట్టింపు తీసేసిండ్రు, నాది గూడ తీస్తరా? మొదలువెట్టొద్దు, అంతే. నడుస్తున్నదాన్ని ఆపుమని ఎవ్వరు జెప్పలే.”

మర్నాడు తెల్లవారేసరికి కుప్ప మీద ఆవిరి లేస్తోంది. చెల్లెలు ఆయనను పాలకు పంపింది. గేటు దాటగానే బటన్ నొక్కింది. షెడ్డు రేకులు అదిరాయి.

పాల ప్యాకెట్లతో తిరిగొచ్చిన బావమరిది గేటు బయటే ఆగి, లోపల అడుగు పెట్టకుండా అరిచాడు.

“ఎప్పటిసంది నడుస్తున్నదే?”

“నిన్న పొద్దుగాల్నుంచి!” అంది చెల్లెలు.

“అట్లయితే ఆపకుండ్రి” అంటూ లోపలికొచ్చి, పాలు నా చేతిలో పెట్టి, వడ్ల కుప్ప వైపు పరుగెత్తాడు.