వంపు ఫోను, మొద్దు ఫోను

కనకవ్వ నా దుకాణంలో ఒక్క ఫోను కొనడానికి నాలుగు రోజులు తీసుకుంది. ఆ నాలుగు రోజుల్లో షట్టరు దించేసి ఏదైనా మఠంలో చేరిపోదామా అని నాకు రెండుసార్లు అనిపించింది. పేరెలాగూ బ్రహ్మచారే. అడ్డమల్లా పద్మినితో పెళ్లయిపోయి ఉండటమే.

2021 జూన్ నెల. రెండో వేవు తగ్గి, సూరత్‌లో దుకాణాలు సాయంత్రం దాకా తెరుచుకోవచ్చన్న మొదటి వారం. లింబాయత్‌లో మా గల్లీకి మళ్లీ సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు వచ్చింది. నేను మూతికి మాస్కు, చేతిలో శానిటైజరు సీసాతో గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. మొదటి బేరంగా కనకవ్వ దిగింది.

ఆమెది సిరిసిల్ల. పెళ్లయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు. భర్త మల్లికార్జున సాంచాల మీద పని చేస్తాడు. ఈమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. పొద్దున శేఠ్ మనిషి గడపలో చీరల మూట పడేసి పోతాడు, సాయంత్రానికి అవి తళతళలాడుతూ తిరిగి వెళ్తాయి. పద్దెనిమిదేళ్ల జిగురు ఆమె వేళ్ల కొసల మీద పొరలు పొరలుగా గట్టిపడిపోయింది. రేషను మిషను మీద ఆమె వేలు పెడితే ఎవరూ ఏమీ పెట్టనట్టే ఉంటుంది.

అందరూ వచ్చి ధర ఎంత, కెమెరా ఎంత అని అడుగుతారు. ఆమె అడిగింది వేరు.

"చారీ, నా వేలు మాట ఇనే ఫోను ఉన్నదా నీ కాడ?"

సంగతేమిటంటే, ఆమె ఒక్కగానొక్క కూతురు విజేతకు నెలలు నిండాయి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో వెళ్లి తీసుకొద్దామంటే అప్పుడే రోగం ఊళ్లు తగలబెడుతోంది. ఏ రైల్లో ఎక్కిస్తావు అన్నాడు మల్లికార్జున. కనకవ్వ పది రోజులు ఏడ్చింది. ఇప్పుడు విజేత అత్తారింటి నుంచే కరీంనగర్ ఆస్పత్రికి వెళ్లాలి. లోపలికి మొగుణ్ని తప్ప ఎవరినీ రానివ్వరు. అల్లుడు సుజిత్ ధర్మాత్ముడు. బిడ్డ పుట్టగానే అటు తల్లికీ ఇటు అత్తకూ ఒకేసారి వీడియో కాల్ చేస్తానన్నాడు. రెండు నిమిషాల కంటే నర్సమ్మ ఒప్పుకోదట. ఎత్తినవాళ్లకు దర్శనం, ఎత్తనివాళ్లకు లేదు.

ఆ కాబోయే నానమ్మ, అదే వియ్యపురాలు ఉషాదేవి, సిరిసిల్లలో ఖరీదైన ఫోను పట్టుకుని కూర్చుంది. పెద్దకొడుకు కొనిచ్చాడు. "వదినె, నా ఫోను ముట్టకముందే పలుకుతది" అని ఆమె ఒకసారి అన్నదట. అంతే. ఆ మాట కనకవ్వకు ముల్లులా దిగింది.

"గా ఫోనే సూపెట్టు ముందుగాల" అంది.

అది నేను వాడే ఫోనే. అద్దం రెండు అంచులకూ వంపు తిరిగి, నీటిబొట్టులా ఉంటుంది. నాకు దాని మీద చెప్పలేనంత ప్రేమ. గర్వంగా ఆమె చేతిలో పెట్టాను. ఆమె అరచేయి అంచును తాకగానే టార్చి వెలిగింది. సరిచేసి ఇచ్చాను. కెమెరా తెరుచుకుంది. మూడోసారి మా అత్తగారికి కాల్ వెళ్లింది. ఆవిడతో నేను పావుగంట క్షేమ సమాచారాలు మాట్లాడవలసి వచ్చింది.

"గీ అంచు ముడితే సాలు, అడగని పనులన్ని చేస్తది. గిట్ల పట్టుకోవాలె ఐతే" అంటూ ఆమె దాన్ని కిందనుంచి అరచేతిలో పళ్లెంలా నిలబెట్టింది. సరే, తాళానికి ఆమె గుర్తులు ఎక్కిద్దామని చూస్తే అది ముఖం అడిగింది. మాస్కుంది. వేలు అడిగింది. జిగురుంది.

"ముఖం లేదంటది, ముద్ర లేదంటది. నన్ను సచ్చినోళ్ల లెక్కల రాసుకున్నదా ఏంది చారీ, నీ ఫోను?"

ఆడలేక మద్దెల ఓడు అని గొణిగాను. ఆమెకు వినిపించింది. రెండో రోజు దుకాణంలోకి రాగానే నన్నొక చూపు చూసి, "మద్దెల మార్చు" అంది.

ఇంకో కంపెనీది తీశాను. ప్లాస్టిక్ వీపు, ఇటుకంత బరువు. మా దుకాణంలో దాని పేరే మొద్దు ఫోను. నాకు అదంటే చిన్నచూపు. కనకవ్వ దాన్ని చెవికి పెట్టి, సాంచాల గదికి పోయి నిలబడి, మోగించమంది. అంత చప్పుడులోనూ వినబడింది. మిద్దె మీది ఎండలోకి తీసుకుపోయి చూసింది. అక్షరాలు కనబడ్డాయి. చీరల మూట కింద పెట్టి, మీద తానే కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. దానికేం కాలేదు.

మిగిలింది ఎత్తే పరీక్ష. లోపల వంటింట్లోంచి పద్మిని వీడియో కాల్ చేయాలి, ఇక్కడ కనకవ్వ పచ్చ బొమ్మను పైకి తోయాలి. పదిసార్లు చేస్తే నాలుగుసార్లు ఎత్తగలిగింది. ఈలోపు బెండకాయ వేపుడు మాడింది. మూడో రోజు నేను సెట్టింగుల్లో వెతికి వెతికి, చేతికి తొడుగున్నా పనిచేసే మీట ఒకటి కనిపెట్టాను. కనకవ్వ అంతకంటే గొప్పది కనిపెట్టింది: తన చిటికెనవేలి పక్కభాగానికి జిగురు అంటదు. ఈసారి పదికి తొమ్మిది. మేం ముగ్గురం దుకాణంలో గంతులేశాం. ఎదురింటి వెంకటవ్వ మాకు రోగం నెత్తికెక్కిందనుకుని తలుపేసుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె మొద్దు ఫోను కొనేసింది. ముందురాత్రే మల్లికార్జున ఫోనులో కూతురికి కాల్ చేసి, "నా చేత్తోటి నేనే ఎత్తుత బిడ్డా, ఎవ్వన్ని ముట్టనియ్య" అని మాటిచ్చింది కూడా. ఇల్లలకగానే పండగ కాదు కదా. నా ఖర్మ కాలి, ప్రేమ పొంగి, నా తరఫున ఒక గట్టి అద్దం పైన అతికిస్తానన్నాను. అతికించాను. బుడగలు పోయేలా గుడ్డతో అదుముతున్నాను. అప్పుడే మోగింది.

సుజిత్.

కనకవ్వ చిటికెనవేలు తోసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. నా అద్దం మందానికి ఫోను ఆ వేలిని కూడా మరిచిపోయింది. నేను చేయి చాపాను. చాపిన చేతి మీద ఒక్కటిచ్చింది. ఫోను గల్లాపెట్టె మీద గిరగిరా తిరుగుతూ మోగుతోంది. పద్మిని దేవుళ్లందరినీ పిలుస్తోంది. కనకవ్వ మాస్కు గడ్డం కిందికి లాగి, వంగి, ముక్కుతో పచ్చ బొమ్మను ఒక్క తోపు తోసింది.

ఎత్తింది.

అల్లుడి ముఖం, వెనుక తెల్లగోడ. "అత్తమ్మా, విజేత మంచిగున్నది, ఇగో సూడు" అన్నాడు. తెర మీదికి తెల్లగుడ్డ మూట వచ్చింది. అందులో ఎర్రగా, పిడికెడు ముఖం. సరిగ్గా అప్పుడే తెర సగానికి చీలి, పక్కన ఒక చెవి ప్రత్యక్షమైంది. పెద్ద బంగారు దుద్దుతో నిండైన చెవి. ఉషాదేవి ఫోను మాట నిలబెట్టుకుని వెంటనే పలికింది. ఆమె దాన్ని తీసి చెవికి పెట్టుకుంది.

"సుజిత్, ఏడ బిడ్డా? నాకేం కనవడ్తలేదు. నా కర్మ ఇట్లయింది" అంటూ చెవి ఏడుస్తోంది.

నిజం చెబుతున్నాను, నాకు పండగలా అనిపించింది. కనకవ్వ ఈ క్షణం కోసమే కదా నాలుగు రోజులు నా ప్రాణం తీసింది. ఇక నింపాదిగా చూసుకోవచ్చు. కానీ ఆమె మూట వైపు చూడటం మానేసి చెవి వైపు తిరిగింది.

"వదినె, ఏడువకు. ఫోను చెవి కాడికెళ్లి తియ్యి. మొఖం ముందట పెట్టుకో."

చెవి పోయి నుదురు వచ్చింది, నుదురు పోయి ఇంటి వాసాలు వచ్చాయి.

"ఏందో అయింది వదినె, మొత్తం మాయమైంది."

"అంచు ముట్టినవు. గా ఫోను గట్లనే చేస్తది, నాకెర్క. మూలకు చిన్న డబ్బ లెక్క కనవడ్తదా? దాని మీద జర ముట్టు. ముట్టినవా? ఇగ పక్కల పట్టకు. కిందికెళ్లి అరచేతిల పెట్టుకో, పళ్లెం లెక్క. వణకకు వదినె, నేనున్న కదా."

వాసాలు కదిలాయి. కన్నీళ్లతో తడిసిన ముఖం ఒకటి తెర నిండా వచ్చింది.

"అగో, కనవడ్తున్నది వదినె. ముక్కు అచ్చం మా ఇంటోళ్లదే."

"మీదే, మీదే. మంచిగ సూడు."

నర్సమ్మ గొంతు వినిపించింది. తెర నల్లబడింది.

పద్మిని గుప్పెట్లో చక్కెర తెచ్చి అందరి నోళ్లలో పోసింది. "అక్కా, ఇంతకూ ఎవరు? ఆడపిల్లనా, పిల్లగాడా?"

కనకవ్వ నన్ను చూసింది. నేను పద్మినిని చూశాను.

"నేను వదినె చేతులే సూసుకుంట కూసున్న చారీ" అంది మెల్లగా. "పిల్ల దిక్కు సక్కగ సూడనే లేదు." కొంగు చేతిలోకి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నాకే కళ్లు నిండాయి.

ఫోను మళ్లీ మోగింది. ఉషాదేవి. నేను ఎత్తబోతే ఈసారి కనకవ్వ కొట్టలేదు. తన ఫోనును అరచేతిలో పళ్లెంలా నిలబెట్టుకున్న వియ్యపురాలి ముఖం నిటారుగా, చక్కగా కనబడింది.

"వదినె, ఏమనుకోకు. ముక్కు సూసుడుల పడి నేను అడుగుడు మర్సిన. పుట్టింది ఎవరో నువ్వన్న సూసినవా?"

కనకవ్వ నోట్లోని చక్కెర అంతా నా గల్లాపెట్టె మీద పడేలా నవ్వింది. అవతల ఉషాదేవికి విషయం అర్థమై ఆమె కూడా అందుకుంది. అమ్మమ్మా నానమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చాలాసేపు నవ్వారు. సుజిత్‌కు కాల్ చేయాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.