చివరి స్వరానికి ముందే శాలువా

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మా ఆవిడ ఒక్కతే పియానో కచేరీ చేస్తానన్నప్పుడు నాకు మైకు అప్పగించింది. ఒకే స్వరకర్త రాసినవి మూడు వాయిస్తుంది: కుర్రతనంలోది, నడివయసులోది, చివరి రోజుల్లోది. ఆ మనిషి ఎలా మారుతూ వచ్చాడో ఎవరూ చెప్పకుండా చెవులకే తెలియాలని ఆమె పట్టుదల.

"చివరిది మాత్రం పూర్తిగా వినేలా చూడండి. అది వినకపోతే ముందు రెండూ దండగ," అంది. ఆ ఒక్కదాని కోసం ఏడాదిగా ఆఫీసుకు వెళ్లేలోపు రోజూ గంటసేపు కూర్చునేది. నేను పక్కగదిలో టిఫిను తింటూ వినేవాణ్ని. విన్నాననే అనుకున్నాను.

ఐటీ బుర్ర ఊరుకుంటుందా? "ఇది వెర్షన్ వన్, ఫీచర్లు ఎక్కువ. రెండోది కాస్త స్టేబుల్. మూడోదానిలో అక్కర్లేనివన్నీ తీసేశాడు," అని మైకులో చెప్పాను. హాల్లో సగంమంది సాఫ్ట్‌వేరు వాళ్లే కాబట్టి పడీపడీ నవ్వారు. మా ఆవిడ చూసిన చూపుతో ఈ జన్మకి మళ్లీ మైకు దొరకదని అర్థమైంది.

మొదటిది గలగలా సాగింది. పిల్లలు కూడా సెల్లు పక్కన పెట్టారు. రెండోదానిలో కోపం ఎక్కువ; ముందు వరసలో కునికిపాట్లు పడుతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. మూడోది ఒక్కో స్వరమే, మధ్యలో బోలెడు ఖాళీ.

మన దగ్గర శాలువా కప్పనిదే ఏ కార్యక్రమమూ ముగియదు. అసోసియేషన్ ప్రెసిడెంటు నార్సింగిలో పుట్టి పెరిగినవాడు. శాలువా మడత విప్పి, నా సైగ కోసం స్టేజీ పక్కన నిలబడ్డాడు. ఒకచోట పియానో ఆగింది. ఎంతకీ కదల్లేదు. నేను అతనికి తలూపి చప్పట్లు మొదలుపెట్టాను. హాలంతా అందుకుంది.

ప్రెసిడెంటు రెండడుగులు వేసి ఠక్కున ఆగాడు. జనం వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"జర ఆగుండ్రి. ఇంక అయిపోలే."

చప్పట్లు సద్దుమణిగేదాకా మా ఆవిడ తలెత్తలేదు. తర్వాత మిగిలిన నాలుగు స్వరాలు వాయించింది. అతను శాలువా పట్టుకుని అక్కడే కదలకుండా నిలబడ్డాడు. ఆ నాలుగూ అంత బాగుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. సిగ్గుతో మైకు ఆపేసి పక్కన పెట్టాను.

ఫొటోలయ్యాక, సమోసాల దగ్గర, మీకు పియానో తెలుసా అని ప్రెసిడెంటును అడిగాను.

"నాకేం తెలుస్తది సార్. మేడం కాలు ఆ పెడలు మీదనే ఉండె. అయిపోతే తీస్తరు గద," అన్నాడు. మళ్లీ మర్యాదగానే, "మీరు రోజూ చూస్తరు గద సార్?" అని అడిగాడు.

మా ఆవిడ పక్కనే ఉంది. సమోసా తినడం ఆపి నా వైపు చూసింది.

"లేదండీ," అన్నాను. "చూడలేదు."